కలకత్తా అరుగుల మీద ఫుట్‌బాల్ పోస్టుమార్టం

1997 జులైలో కలకత్తాలో ఎవరిని కదిలించినా ఒకటే మాట: డైమండ్. నగల గొడవ కాదు. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా కొత్తగా దింపిన ఆటతీరుకు జనం నోట స్థిరపడిన పేరు. మిడ్‌ఫీల్డ్‌లో ఆటగాళ్లను వజ్రం మూలల్లా నిలబెట్టడం, బంతి చిక్కిందే తడవు ఉన్నవాళ్లందరినీ ముందుకు ఉరికించడం అందులోని కిటుకు. ఫెడరేషన్ కప్ క్వార్టర్ ఫైనల్లో గోవా జట్టు చర్చిల్ బ్రదర్స్‌ని మోహన్ బగాన్ 6-0తో ఊడ్చిపారేసింది. దాంతో చేపల బజారులో, ట్రాముల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ప్రతివాడూ వేలితో గాల్లో వజ్రం గీసి చూపించేవాడే. సెమీ ఫైనల్లో ఎదురయ్యేది ఈస్ట్ బెంగాల్. ఆ జట్టు కోచ్ పి.కె. బెనర్జీ. ఇద్దరు కోచ్‌లకూ పాతికేళ్ల పోటీ ఉంది.

అమల్ దత్తా నోటికి తాళం వేసే మనిషి కాదు. ఈస్ట్ బెంగాల్ డిఫెండర్ సామీ ఒమోలోని ‘ఆమ్లెట్’ అన్నాడు. సోసో అనే విదేశీ ఆటగాణ్ని ‘శశా’ అన్నాడు, అంటే దోసకాయ. పేపర్లు ఆ మాటల్ని పండగ చేసుకున్నాయి. పి.కె. మాత్రం ఎదురు మాట అనలేదు. ఆ వెక్కిరింతలనే తన కుర్రాళ్లకు రోజూ గుర్తుచేస్తూ వచ్చాడని చెబుతారు.

జులై 13న సాల్ట్ లేక్ స్టేడియానికి వచ్చిన జనం లెక్క 1,31,781. మొదటి సగంలో నజీముల్ హక్ గోల్ కొట్టాడు. విరామం అయిన వెంటనే ఇరవై ఏళ్ల బైచుంగ్ భూటియా రెండోది వేశాడు. చీమా ఒకొరీ ఒకటి తిరిగి ఇచ్చేసరికి మోహన్ బగాన్ గ్యాలరీలకు ప్రాణం లేచొచ్చింది. భూటియా మరో రెండు కొట్టి ఆ ఆశ తీర్చేశాడు. 4-1.

ఆ రాత్రి నుంచే అసలు పంచాయితీ. అందరూ ముందుకు ఉరికితే వెనక మిగిలిన ఖాళీ మైదానాన్ని ఎవరు కాస్తారన్నది ఈస్ట్ బెంగాల్ వాళ్ల ప్రశ్న. పద్ధతి మంచిదే, దానికి తగ్గ డిఫెండర్లు లేకపోయారన్నది మోహన్ బగాన్ వాళ్ల సమాధానం. ఈ వాదం ఇవాళ్టికీ తెగలేదు. చిత్రమేమంటే ఆ ఏడాది కప్పు ఈస్ట్ బెంగాల్‌కూ దక్కలేదు. ఫైనల్లో గోవాకే చెందిన సల్గావ్‌కర్ చేతిలో ఓడిపోయింది. ఫైనల్ సంగతి అడిగితే కలకత్తాలో చాలామంది కాసేపు తడుముకుంటారు. సెమీ ఫైనల్ మాత్రం నిమిషం నిమిషం అప్పజెబుతారు.

ఈ అలవాటుకు పుట్టిల్లు ఉత్తర కలకత్తా అరుగు. శ్యామ్‌బజార్, బాగ్‌బజార్, హాతీబగాన్ సందుల్లో పాత ఇళ్లకు వీధివైపు ఎత్తుగా కట్టిన అరుగులుంటాయి. సాయంత్రమయ్యేసరికి అక్కడ నలుగురైదుగురు చేరతారు. కుర్రాళ్లూ ఉంటారు, పింఛను తీసుకునే గుమాస్తాలూ ఉంటారు. పక్కనే మట్టి ముంతల్లో టీ. మ్యాచ్ జరిగిన రోజయితే ముందు స్కోరు, తర్వాత గోల్ ఎలా పడిందన్న వర్ణన, ఆ తర్వాత అది ఎందుకు పడిందన్న విచారణ. చివరిది తెల్లారినా తెమలదు. అగ్గిపుల్లలు పరిచి ఫుల్‌బ్యాక్ ఎక్కడుండాలి, ఎక్కడున్నాడు అని తేల్చే మేధావి ప్రతి అరుగుకూ ఒకడు ఉంటాడు. దక్షిణాన జాదవ్‌పూర్ వైపు కాలనీల్లో అరుగులు తక్కువ. అక్కడ ఈ కొలువు టీకొట్టు బల్లల మీద సాగేది.

మ్యాచ్ గురించి మాట్లాడుకోని ఊరేదీ ఉండదు. కలకత్తాకు ఆ మాటలు అంత అవసరం కావడానికి ఒక పాత కారణం ఉంది: మ్యాచ్‌కు వెళ్లినవాళ్లలో చాలామందికి మ్యాచ్ సరిగ్గా కనపడేది కాదు.

1911 జులై 29నే చూడండి. ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్. మోహన్ బగాన్ ఎదురుగా బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్. మోహన్ బగాన్ పదకొండు మందిలో బూట్లు తొడిగింది సుధీర్ చటర్జీ ఒక్కడే, తక్కిన పదిమందీ వట్టి కాళ్లు. మైదానం చుట్టూ జనం వేలల్లో ఉన్నారు. దూరంగా నిలబడ్డవాళ్లకు తెలియాలని గోల్ పడినప్పుడల్లా స్కోరు రాసిన గాలిపటాలు ఎగరేశారు. అంటే చరిత్రకెక్కిన ఆ మ్యాచ్‌ను ఆకాశంలో చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారన్నమాట. మొదట గోల్ కొట్టింది సైనికులు. కెప్టెన్ శిబ్‌దాస్ భాదురీ సమం చేశాడు. ఆట ముగియబోతుండగా అభిలాష్ ఘోష్ రెండోది కొట్టాడు. 2-1. షీల్డ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే.

మర్నాటి నుంచి ఊరంతా ఒకటే ప్రశ్న, వట్టికాళ్లవాళ్లు బూట్లవాళ్లను ఎలా ఓడించారని. శిబ్‌దాస్, అతని అన్న విజయ్‌దాస్ చూడ్డానికి ఒకేలా ఉండేవారని, ఆట మధ్యలో చోట్లు మార్చుకుంటూ ఎదుటి డిఫెండర్‌ను తికమక పెట్టారని ఒక కథ నిలిచిపోయింది. ఎంత నిజమో గాని, కలకత్తా అభిమానులు తరతరాలుగా చెప్పుకున్న మొదటి వ్యూహం అదే. జాతీయోద్యమం సంగతులు చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లాయి. అన్నదమ్ములు చోట్లు మార్చుకున్న సంగతి అరుగు మీద మిగిలింది.

తర్వాత పాతికేళ్లూ చర్చలో పెద్ద పాత్ర వానది. కలకత్తా ఫుట్‌బాల్ సీజన్ అంటే వానాకాలమే. నేల పొడిగా ఉంటే వట్టికాళ్ల ఆటగాడు చేపపిల్లలా జారిపోతాడు, బురదైతే నిలదొక్కుకోలేడు. కాబట్టి ఓడిన ప్రతిసారీ నేరం మబ్బు మీదికి పోయేది. ఆ సాకును తీసి పక్కన పెట్టింది మొహమ్మదన్ స్పోర్టింగ్. 1930ల్లో ఆ క్లబ్ బెంగుళూరు మొదలుకొని దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లను పోగుచేసింది. వానపడ్డ రోజు వాళ్లకు బూట్లు తొడిగింది. 1934 నుంచి 1938 దాకా వరసగా అయిదేళ్లు కలకత్తా లీగ్ వాళ్లదే. వాన అందరి మీదా ఒకేలా పడుతుందని, సిద్ధపడి రావడమే తేడా అని నగరానికి తెలిసొచ్చింది. దేశంలో బూట్లు తప్పనిసరి కావడానికి మాత్రం 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 దెబ్బ తినాల్సి వచ్చింది.

ఈ ఊళ్లో ఒక క్లబ్ పుట్టిందే జట్టు ఎంపిక మీద తగువుతో. 1920 జులై 28న జోడాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడాల్సి ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శైలేష్ బోస్‌ను చివరి నిమిషంలో పక్కన పెట్టారు. కారణం చెప్పలేదు. క్లబ్ ఉపాధ్యక్షుడు సురేష్ చంద్ర చౌధురి అదేమని అడిగి, జవాబు రాకపోయేసరికి బయటికి నడిచాడు. నాలుగు రోజులకే, ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్ మొదలైంది. ఫలానావాణ్ని ఎందుకు ఆడించలేదు అన్న ప్రశ్నకు ఈ నగరంలో ఉన్న బరువు అలాంటిది.

దేశ విభజనతో ఆ క్లబ్ పేరుకు కొత్త అర్థం వచ్చింది. ఇల్లూ పొలమూ సరిహద్దు అవతల వదిలి వచ్చి, శరణార్థి కాలనీల్లో తడికెల ఇళ్లు వేసుకున్నవాళ్లకు పోయిన ఊరి పేరు మిగిలింది ఈ జెర్సీ మీదే. వాళ్లు వచ్చిన రోజుల్లోనే జట్టు కూడా భీకరంగా ఆడింది. అహ్మద్ ఖాన్, అప్పారావు, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్. ఈ అయిదుగురు ఫార్వర్డ్‌లను బెంగాలీలు పంచ పాండవులన్నారు. ఒక్కరూ బెంగాలీ కారు, అందరూ దక్షిణాదివాళ్లే. 1949 నుంచి 1951 దాకా మూడేళ్లూ షీల్డ్ ఈస్ట్ బెంగాల్‌దే. ఇక మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప వండుకోవడం ఆచారం. మన గోదావరివాళ్లకు పులస ఎంతో తూర్పు బెంగాలీకి ఇలిశ అంత, రెండూ నిజానికి ఒకే జాతి చేప. ఈ రెండు జట్ల డెర్బీ మర్నాడు మార్కెట్లో ఆ రెంటి ధర చూసి ఫలితం చెప్పవచ్చని అక్కడివాళ్లు సరదాగా అంటారు.

1984లో సాల్ట్ లేక్ స్టేడియం వచ్చేదాకా పెద్ద మ్యాచ్‌లకు వేదిక నగరం నడిబొడ్డున ఉన్న మైదాన్, దాన్ని ఆనుకున్న ఈడెన్ గార్డెన్స్. మైదాన్‌లో క్లబ్బుల గ్రౌండ్లకు చెక్క గ్యాలరీలు. టికెట్ కోసం తెల్లవారకముందే క్యూ, క్యూను అదుపు చేయడానికి గుర్రపు పోలీసులు. టికెట్ దొరకనివాళ్లు ఫోర్ట్ విలియం గట్టెక్కి, అక్కడి నుంచి కనిపించినంత చూసేవాళ్లు. గుంపు వెనక చిక్కుకున్నవాళ్లకు ఇంకో ఉపాయం ఉండేది. అట్టతో చేసిన పొడవాటి గొట్టం, పైనొక అద్దం, కిందొక అద్దం. పెరిస్కోపు! మ్యాచ్ రోజున వాటిని పట్టుకుని తిరిగేవాళ్లకు మంచి బేరం. ముందువాడి తల మీదుగా గొట్టం ఎత్తి, కింది అద్దంలో అరచేతి వెడల్పు మైదానాన్ని చూసేవాళ్లు. బంతి అటు పోతే గొట్టం అటు తిప్పాలి. ఈలోగా గోల్ పడితే అది అద్దానికి అందదు, చుట్టూ లేచిన అరుపే అందుతుంది.

ఇలా గట్టు మీది నుంచి ఒకడు, గొట్టంలోంచి ఒకడు, గ్యాలరీ మూల నుంచి ఇంకొకడు చూసిన ముక్కలన్నీ సాయంత్రానికి అరుగెక్కేవి. ఆఫ్‌సైడా కాదా అన్నది గట్టువాడికి తెలుసు. పాస్ ఇచ్చిందెవరో గొట్టంవాడు చూశాడు. రీప్లే లేని కాలంలో పూర్తి మ్యాచ్ అంటూ ఒకటి తయారయ్యేది అక్కడే. అందుకే ఆ మాటలను ఉత్త కాలక్షేపం కింద కొట్టెయ్యడానికి లేదు. అబద్ధాలు కలవలేదని కాదు, దండిగా కలిశాయి. కానీ అబద్ధం చెప్పినవాణ్ని నిలదీయడానికి పక్కనే మరో సాక్షి ఉండేవాడు.

రేడియో వచ్చాక సాక్షులు పెరిగారు. అజయ్ బోస్, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ బెంగాలీలో వ్యాఖ్యానం చెబుతుంటే టీకొట్టు ముందు గుంపు కదిలేది కాదు. 1970ల్లో ‘ఖేలార్ ఆసర్’, ఆ తర్వాత ‘ఖేలా’ లాంటి క్రీడా పత్రికలు వచ్చాయి. నవలాకారుడు మోతీ నందీ పత్రికలో క్రీడల పేజీ నడుపుతూనే ‘స్ట్రైకర్’, ‘స్టాపర్’ అని నవలలు రాశాడు. ఆటగాడు మైదానంలో నిలబడే చోటు నవలకు పేరవడం, జనం దాన్ని ఎగబడి చదవడం, ఇవి మరో ఊళ్లో జరిగే పనులు కావు.

ఈ కథలోకి హైదరాబాద్ గెలుపుతోనే అడుగుపెట్టింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది హైదరాబాద్ సిటీ పోలీస్. అదే ఏడాది మొదలుపెట్టి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా అయిదుసార్లు పట్టుకెళ్లింది. దాని వెనక ఉన్నది స్కూలు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. డ్రిబ్లింగ్ చేస్తే ఒప్పుకోని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టి కుర్రాళ్లను సానబట్టినవాడు. బంతిని కాలికి అంటించుకుని నలుగురిని దాటించే మాయగాణ్ని నెత్తిన పెట్టుకునే కలకత్తాకు, ఒక్క తాకుతో బంతిని పంపేసి పరుగెత్తే ఈ ఆట ముందు రుచించలేదు. ఓడాక రుచించింది.

అప్పటి నుంచి కలకత్తా క్లబ్బులు హైదరాబాద్ బండెక్కాయి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చాడు. పేద ఇల్లు. రహీం ప్రాక్టీసుకు రమ్మంటే, అంతదూరం రావడానికి సైకిలు అద్దెకు డబ్బుల్లేవన్న కుర్రాడు. ఆ అద్దె రహీమే ఇచ్చాడు. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గుర్నీ భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులంటారు. ఎవరు గొప్ప అన్న తగాదాలో కలకత్తా ఓట్లు సహజంగానే మొదటి ఇద్దరికి ఎక్కువ పడ్డాయి. అయినా ఆట తెలిసినవాళ్లు బలరాం వైపే మొగ్గేవాళ్లు. ముందూ ఆడతాడు, వెనక్కి వచ్చి బంతి లాక్కుంటాడు, ఏ చోట నిలబెట్టినా కుదురుకుంటాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1961లో అతని కెప్టెన్సీలో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచింది. రెండేళ్లకే అనారోగ్యం అతన్ని ఆట మాన్పించింది.

1962లో రహీం చేసిన పని గురించి కలకత్తా ఏళ్ల తరబడి మాట్లాడుకుంది. జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాతి మ్యాచ్‌లో మోహన్ బగాన్ స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలతో బంతిని కొట్టడం డిఫెండర్‌కు ప్రధానమైన పనుల్లో ఒకటి, ఆ తలకే కట్టు. ఏ కోచ్ అయినా అతన్ని కూర్చోబెడతాడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. జర్నైల్ సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా మీద పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో స్వర్ణం తెచ్చారు. రోజూ తమ గోల్‌పోస్టు కాసేవాడు ఎదుటివాడి గోల్‌పోస్టు మీద పడ్డాడన్న వార్త మోహన్ బగాన్ అభిమానులకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాతి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ మైదానంలో ఆయన మాటలు విన్న పి.కె. బెనర్జీ పదేళ్లకు కోచ్ అయ్యాడు.

అంతకంటే ముందే అమల్ దత్తా వచ్చాడు. సొంత డబ్బు పెట్టుకుని ఇంగ్లండ్ వెళ్లి కోచింగ్ నేర్చుకున్నవాడు. తిరిగొచ్చాక ప్రొజెక్టర్ వెంటేసుకుని ఊళ్లూ పేటలూ తిరిగి, తెరకట్టి విదేశీ మ్యాచ్‌ల రీళ్లు చూపించాడు. ఆటగాళ్లకే చూపించి ఉంటే అది శిక్షణ అయ్యేది. ఆయన జనానికి చూపించాడు. 1969లో ఆయన చేతిలోని మోహన్ బగాన్, ఫుల్‌బ్యాక్‌లు అంచుల వెంట ముందుకు దూసుకొచ్చే 4-2-4 ఆటతో షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను 3-1తో ఓడించింది. ప్రణబ్ గంగూలీ రెండు గోల్స్ కొట్టాడు. ‘ఫుల్‌బ్యాక్ అంత ముందుకెందుకు పోతాడు’ అన్న ప్రశ్న అప్పుడే అరుగెక్కింది. 1997 డైమండ్ గొడవ దానికి మనవడి లాంటిది.

1972లో పి.కె. ఈస్ట్ బెంగాల్ పగ్గాలు పట్టాడు. ఆయనది వేరే మందు. మ్యాచ్ ముందు గదిలో ఆటగాళ్లకు ఇచ్చే ప్రసంగానికి ‘వోకల్ టానిక్’ అని పేరు పడింది. ఆయన ఉన్న నాలుగేళ్లూ లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. అంతకు ముందు రెండేళ్లతో కలిపితే వరసగా ఆరు. ఆ ఊపు మీదే 1975 సెప్టెంబర్ 30 వచ్చింది. షీల్డ్ ఫైనల్, ఈస్ట్ బెంగాల్ 5, మోహన్ బగాన్ 0. శ్యామ్ థాపా రెండు గోల్స్ కొట్టి, ఒక పెనాల్టీ వృథా చేశాడు కూడా. అది పడి ఉంటే ఆరు! అభిమానుల కోపానికి జడిసి మోహన్ బగాన్ ఆటగాళ్లు కొందరు ఆ రాత్రి గంగలో పడవ మీద గడిపారంటారు. ఒక యువ అభిమాని ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడు. మాటల సరదాకు అవతలి ఒడ్డు ఇంత లోతని నగరం అప్పుడు చూసింది.

మర్నాటి ఏడు పి.కె.ని మోహన్ బగాన్ ఎగరేసుకుపోయింది. హైదరాబాద్ అన్నదమ్ములు హబీబ్, అక్బర్ కూడా ఆ జట్టులోనే. 1976 లీగ్ డెర్బీ మొదలై 17 సెకన్లు. అక్బర్ గోల్! గొట్టం సర్దుకునే లోపే అయిపోయింది. మిగిలిన ఆటంతా ఆ ఒక్క గోల్‌ను కాపాడుకోవడమే, 1-0.

మహమ్మద్ హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అంది. 1966లో పదిహేడేళ్ల వయసులో ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి, రెండు దశాబ్దాలకు దగ్గరగా ఆ మైదాన్‌లోనే ఆడాడు. తోటివాళ్లు బ్యాంకుల్లో, రైల్వేలో ఉద్యోగాలు చూసుకుంటే, ఆటే తన ఉద్యోగం అన్నాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టులో హబీబ్ ఉన్నాడు, ఆ జట్టు కెప్టెన్ మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. హబీబ్ గురించి అరుగు మీద ఏకాభిప్రాయం కుదిరేది, అది అరుదైన విషయం. రెండు క్లబ్బులవాళ్లూ అతన్ని పోరాడేవాడనే అన్నారు.

1977లో పరిస్థితి వేరు. కాగితం మీద తిరుగులేని మోహన్ బగాన్ లీగ్ డెర్బీలో 0-2తో ఓడింది. జనం పి.కె. మీద విరుచుకుపడ్డారు. ఇంతమంది మహామహులను పెట్టుకుని గెలవలేనివాడు కోచ్ ఏమిటన్నారు. సెప్టెంబర్ 24న ఈడెన్‌కు పెలే వచ్చాడు, న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో. వానకు నేలంతా చిత్తడి. పెలేను వదలకుండా కాసే పని గౌతమ్ సర్కార్‌కు అప్పగించాడు పి.కె. మోహన్ బగాన్ తరఫున హబీబ్ ఒక గోల్, శ్యామ్ థాపా ఒక గోల్. కాస్మోస్‌ను ఓటమి నుంచి గట్టెక్కించింది ఒక పెనాల్టీ. 2-2. ఆ పెనాల్టీ ఇవ్వవచ్చా అన్నది కలకత్తాలో ఇంకా పెండింగులో ఉన్న కేసు. నాలుగు రోజులకే షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ ఈస్ట్ బెంగాల్‌ను 1-0తో ఓడించింది, రోవర్స్, డ్యూరాండ్ కూడా గెలిచింది. పి.కె. పనికిరాడన్న నోళ్లే ఇప్పుడు ఆయన్ని మంత్రగాడన్నాయి. తిట్టినందుకు ఎవరూ క్షమాపణ చెప్పుకోలేదు. అరుగు చట్టంలో ఆ సెక్షన్ లేదు.

1980 ఆగస్టు 16న ఈడెన్ గ్యాలరీల్లో రెండు జట్ల అభిమానులు కొట్టుకున్నారు. తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. మైదానంలో మొదలైన కాట్లాట గ్యాలరీకి పాకింది. ఏటా ఆ రోజున ఫుట్‌బాల్ ప్రేమికుల దినం పేరుతో రక్తదాన శిబిరాలు పెడుతున్నారు.

చర్చ తీరును మార్చింది ఆ విషాదం కాదు, టీవీ. 1982, 1986 ప్రపంచ కప్‌లు ఇంట్లోకి వచ్చాక బెంగాలీలు బ్రెజిల్ వాళ్లుగా, అర్జెంటీనా వాళ్లుగా చీలారు. మారడోనాను చూసిన కళ్లతో లీగ్ మ్యాచ్ చూస్తే తప్పులే కనపడ్డాయి. గోల్‌ను నాలుగు వైపుల నుంచి చూపించే తెర వచ్చాక, గట్టు మీది సాక్షికి పనిలేకుండా పోయింది. మాటలు తగ్గలేదు, కానీ మ్యాచ్‌ను కూర్చి నిలబెట్టే బాధ్యత వాటికి పోయింది. ఇప్పుడు అరుగు కేవలం తీర్పు చెబుతుంది. అమల్ దత్తా 2016లో, పి.కె. 2020లో వెళ్లిపోయారు.

2020లో మోహన్ బగాన్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు ఏటీకేతో కలిసిపోతే, క్లబ్ పేరు ముందు నుంచి ఏటీకే అన్న మాట తీసెయ్యమని అభిమానులు మూడేళ్లు పట్టుబట్టారు. 2023లో తీసేశారు. మరుసటి ఏడాది ఆగస్టు 18న జరగాల్సిన డ్యూరాండ్ డెర్బీ రద్దయింది. ఆర్.జి. కర్ ఆస్పత్రిలో వైద్యురాలిపై జరిగిన ఘోరం మీద నగరం అట్టుడుకుతున్న రోజులవి. ఆట లేకపోయినా ఆ సాయంత్రం మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ జెర్సీలు సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కచోటికి చేరి న్యాయం కావాలన్నాయి.

ఇక మన సంగతి. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న పోయారు. కలకత్తాలో వాళ్ల గోల్స్‌ను ఇవాళ్టికీ చెప్పుకునేవాళ్లున్నారు, పత్రికల్లో, పుస్తకాల్లో బెంగాలీలో రాసిపెట్టినవారూ ఉన్నారు. రహీం జీవితం ‘మైదాన్’ పేరుతో 2024లో హిందీ సినిమాగా వచ్చింది. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లకే ఢిల్లీకి తరలిపోయింది. 1956-57లో, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టు ఆటను తెలుగులో మ్యాచ్ మ్యాచ్‌గా రాసిపెట్టిన పుస్తకం కోసం వెతికితే చేతికి దొరికేది చాలా తక్కువ. ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూసినవాళ్లు సికింద్రాబాద్‌లో, పాతబస్తీలో ఎవరైనా ఉంటే ఎనభై దాటి ఉంటారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి తాతగారుంటే, ఆ అయిదు రోవర్స్ కప్‌లు ఎలా గెలిచారో, ఎవరు ఏ చోట ఆడేవారో ఒకసారి అడగండి. తెలుగైనా ఉర్దూ అయినా ఆయన చెప్పేది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి.